చదవనని మొండికేసిన ఫ్లాపీ డ్రైవ్‌ను దారికి తెచ్చుకోవడం ఎలా?

చెన్నైలో తెలుగువాళ్ల ఇళ్లలో అటకలు దులిపితే ఇప్పటికీ ఫ్లాపీలు, అంటే ఒకప్పుడు ఫైళ్లు దాచుకున్న పలచటి అయస్కాంత డిస్కులు, బయటపడుతూనే ఉన్నాయి. కోడంబాక్కంలోనో వెస్ట్ మాంబళంలోనో ఒకప్పుడు డీటీపీ సెంటర్ నడిపినవాళ్ల దగ్గరైతే పెట్టెలకు పెట్టెలే. శుభలేఖలు, సంఘాల సావనీర్లు, అచ్చుకు వెళ్లకుండా ఆగిపోయిన కవితా సంపుటాలు, ఎవరి తాతగారో రాసుకున్న ఆత్మకథ, అన్నీ వాటిలోనే ఉండిపోయాయి. పాత కంప్యూటర్ ఒకటి సంపాదించి ఫ్లాపీ లోపలికి తోస్తే అది గరగరమంటుంది, లైటు వెలుగుతుంది, చివరికి చదవలేనంటుంది.

అప్పుడు మనం ముందు తిట్టేది ఫ్లాపీని. చాలాసార్లు తప్పు డ్రైవ్‌ది. డ్రైవ్ సంగతి చూడకుండా ఒకదాని తర్వాత ఒకటి ఫ్లాపీలు పెట్టి చూస్తూ పోతే, అప్పటిదాకా బాగున్నవీ పాడవుతాయి. హార్డ్ డిస్కులో హెడ్, అంటే డేటా చదివే, రాసే చిన్న ముక్క, పళ్లేనికి తగలకుండా పైన తేలుతుంది. ఫ్లాపీలో అలా కాదు, హెడ్ నేరుగా డిస్కును రాసుకుంటూనే నడుస్తుంది. హెడ్‌కు అంటిన గరుకు మురికి డిస్కును గీకుతుంది. డిస్కు మీది బూజు హెడ్‌కు అంటుకుని తర్వాతి డిస్కు మీదికి పోతుంది. డ్రైవ్ పోతే ఇంకోటి సంపాదించుకోవచ్చు, డిస్కు పోతే అందులో ఉన్నది మళ్లీ రాదు. కింద చెప్పే పనుల వరుస అంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

ముందు మూడు రకాల డిస్కులు వేరు చేయండి

ఒకటి, పోయినా బాధలేని డిస్కు. పాత డ్రైవర్ ఫ్లాపీ, సాఫ్ట్‌వేర్‌తో ఉచితంగా వచ్చినది, ఏదైనా సరే. రెండు, కచ్చితంగా పనిచేస్తుందని తెలిసిన డిస్కు, అంటే వేరే డ్రైవ్‌లో ఈమధ్యే చదివి చూసినది. మూడు, మీకు కావలసిన అసలు డిస్కు. మూడోదాన్ని పని మొత్తం అయ్యేదాకా డ్రైవ్ దరిదాపులకు తీసుకురాకండి.

సీలు విప్పని కొత్త పెట్టె దొరికింది కాబట్టి అందులోవి తప్పకుండా మంచివనుకోవద్దు. సోనీ జపాన్‌లో ఫ్లాపీల అమ్మకం ఆపింది 2011 మార్చిలో. అంటే ఎంత కొత్తగా కనిపించినా వాటికీ వయసు మీద పడింది.

అసలు డిస్కుకు రైట్ ప్రొటెక్ట్ ఇప్పుడే పెట్టేయండి. 3.5 అంగుళాల ఫ్లాపీలో మూలనున్న చిన్న ప్లాస్టిక్ ముక్కను జరిపి రంధ్రం తెరిచి ఉంచితే దాని మీద రాయడం కుదరదు. 5.25 అంగుళాలదానికి సరిగ్గా తిరగేసి: పక్కనున్న గాటును స్టిక్కరుతో మూస్తేనే రక్షణ. ఈ రెండూ తారుమారు చేసేవాళ్లు చాలామంది.

ఇంకో మాట. విండోస్ “డిస్క్ ఫార్మాట్ అయి లేదు, ఇప్పుడు ఫార్మాట్ చేయమంటారా?” అని అడిగితే వద్దు అనే చెప్పండి. ఆ ప్రశ్నకు అర్థం డిస్కు ఖాళీగా ఉందని కాదు. దాని మొదటి సెక్టార్లు (డేటా ఉండే చిన్న ముక్కలు) చదవడం తనకు చేతకాలేదని, అంతే. హెడ్ మాసినా అదే అడుగుతుంది.

డిస్కును కంటితో చూడండి

3.5 అంగుళాల ఫ్లాపీ అయితే లోహపు షట్టరును వేలితో పక్కకు జరిపి, వెనకవైపున్న గుండ్రటి హబ్‌ను మెల్లగా తిప్పుతూ, టేబుల్ లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. రెండు వైపులా చూడాలి. ఉపరితలం ముదురు గోధుమ రంగులోనో నలుపులోనో ఒకే తీరుగా మెరవాలి. తెల్లటి, బూడిదరంగు చుక్కలు, సాలెగూడు లాంటి మచ్చలు కనిపిస్తే అది బూజు. గుండ్రంగా ఒక గీత పడి, అందులోంచి ప్లాస్టిక్ తెల్లగా కనబడుతుంటే అక్కడి అయస్కాంత పూత లేచిపోయింది. ఆ ట్రాకులో (డేటా రాసే వలయంలో) ఉన్నది ఎవరూ తిరిగి తేలేరు. మిగతా ట్రాకుల మీద మాత్రం ఆశ వదులుకోనక్కర్లేదు.

సముద్రం పక్క ఊరు కాబట్టి ఇక్కడి ఫ్లాపీల్లో బూజు మామూలే. 2015 డిసెంబరు వరదల్లో గ్రౌండ్ ఫ్లోర్లలో నీళ్లు చేరిన ఇళ్లు ఎన్నో, వాటిలో తడిసి, తర్వాత ఆరి, అలాగే పెట్టెల్లో మిగిలినవీ ఉన్నాయి. మచ్చ కనబడిన డిస్కును పక్కన పెట్టండి. దాని వైద్యం చివర చెప్తాను.

షట్టరు వంగి ఉందేమో కూడా చూడండి. వంగిన షట్టరు డ్రైవ్ లోపల ఇరుక్కుంటే, బయటికి లాగేటప్పుడు పై హెడ్‌ను ఊడబెరికేస్తుంది. అనుమానంగా ఉంటే షట్టరును పూర్తిగా పీకేయండి. చదవడానికి దాని అవసరం లేదు.

డ్రైవ్ ఏం చెబుతోందో వినండి

ఇప్పుడు మొదటి రకం డిస్కు పెట్టి, డైరెక్టరీ (ఫైళ్ల జాబితా) అడిగి, చెవిపెట్టి వినండి. అనుభవం ఉన్న మెకానిక్ ఇక్కడే సగం తేల్చేస్తాడు.

కంప్యూటర్ ఆన్ చేసినప్పటి నుంచి డ్రైవ్ లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటే రిబ్బన్ కేబుల్ తలకిందులుగా పెట్టారు. అంతకన్నా వెతకాల్సింది లేదు.

లైటు అసలు వెలగదు, చప్పుడు లేదు అంటే కరెంటు అందడం లేదు, లేదా బయోస్‌కు (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే మూల ప్రోగ్రాముకు) ఇలాంటి డ్రైవ్ ఉందనే తెలియదు.

మోటారు తిరుగుతోంది గానీ టక్ టక్ టక్ అని ఒకే చోట కొట్టుకుంటోందంటే హెడ్ మొదటి ట్రాకు ఎక్కడుందో కనుక్కోలేకపోతోంది. సున్నా ట్రాకు సెన్సారుకు దుమ్ము పట్టి ఉంటుంది, లేదా హెడ్ నడిచే కమ్మీ బిగుసుకుపోయి ఉంటుంది.

మోటారు తిరుగుతోంది, హెడ్ చక్కగా అడుగులేస్తోంది, అయినా చదవడం లేదు. ఎక్కువగా ఎదురయ్యేది ఇదే, దీనికి కారణం ఎక్కువగా మాసిన హెడ్డే.

కీచుమని అరుపు వినబడితే వెంటనే ఆపి డిస్కు బయటికి తీయండి. డిస్కు పూత హెడ్‌కు అతుక్కుంటోంది. ఇంకాసేపు తిప్పితే గీత పడుతుంది.

డాస్ (విండోస్‌కు ముందరి ఆపరేటింగ్ సిస్టమ్) ఇచ్చే సందేశాలూ కొంత దారి చూపుతాయి. “నాట్ రెడీ” అంటే డిస్కు తిరుగుతున్నట్టు డ్రైవ్‌కు తెలియడం లేదు: మోటారు, బెల్టు, లేదా డిస్కు సరిగ్గా కూర్చోకపోవడం. “జనరల్ ఫెయిల్యూర్” అంటే తిరుగుతోంది గానీ అక్కడున్న రాతకు తలాతోకా తెలియడం లేదు: మాసిన హెడ్, తప్పు డెన్సిటీ (డిస్కు ఎంత డేటా పట్టే రకమో తప్పుగా అనుకోవడం), లేదా పీసీది కాని ఫార్మాట్. “సెక్టార్ నాట్ ఫౌండ్”, “డేటా ఎర్రర్” కనిపిస్తే సంతోషించండి. డ్రైవ్ చాలావరకు చదువుతోంది, కొన్ని చోట్లే తడబడుతోందన్నమాట.

కేబుల్, కరెంటు, బయోస్

ఇది త్వరగా అయిపోయే పని. రిబ్బన్ కేబుల్‌లో 34 తీగలుంటాయి, ఒక అంచున ఎర్ర గీత ఉంటుంది. ఆ గీత వైపు డ్రైవ్ మీదా మదర్‌బోర్డు మీదా ఒకటో పిన్ను వైపుకు రావాలి. కేబుల్ మధ్యలో 10 నుంచి 16 వరకు తీగలు మెలితిరిగి ఉంటాయి. ఆ మెలిక దాటిన తర్వాత వచ్చే కనెక్టరుకు తగిలించిన డ్రైవే ఎ: డ్రైవ్ అవుతుంది, ముందున్నది బి: అవుతుంది. మెలిక పాడైందని అనుకుని విప్పదీసి సరిచేసేవాళ్లూ ఉన్నారు. దాన్ని కావాలనే అలా చేశారు, ముట్టుకోకండి.

కరెంటు విషయంలో మాత్రం తొందర వద్దు. 3.5 అంగుళాల డ్రైవ్‌కు వచ్చే చిన్న నాలుగు తీగల కనెక్టరులో ఎరుపు 5 వోల్టులు, పసుపు 12 వోల్టులు, మధ్యలో రెండు నలుపు. ఒక్క పిన్ను పక్కకు జరిగి కూర్చున్నా డ్రైవ్ బోర్డు కాలిపోతుంది. చీకట్లో తడుముకుంటూ గుచ్చకండి. ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లలో (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పెట్టెల్లో) ఈ చిన్న కనెక్టరు చాలావాటిలో రాదు, అడాప్టరు కొనుక్కోవాలి. కొన్నాక తగిలించే ముందు మల్టీమీటరుతో ఏ తీగలో ఎంత వస్తోందో ఒకసారి కొలవండి. చవక అడాప్టర్లలో తీగల రంగు చూసి నమ్మకూడదు.

బయోస్‌లోకి వెళ్లి డ్రైవ్ ఎ రకం 1.44 ఎంబీ, 3.5 అంగుళాలు అని ఉందో లేదో చూడండి. ఫ్లాపీ కంట్రోలరు ఎనేబుల్ అయి ఉండాలి, డ్రైవ్‌లను తారుమారు చేసే ఆప్షన్ డిజేబుల్ అయి ఉండాలి. సెట్టింగ్ మార్చి సేవ్ చేసినా మర్నాటికి మళ్లీ మొదటికొస్తోందంటే, మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032 బ్యాటరీ మార్చండి. మరీ పాత బోర్డుల్లో బోర్డుకే అతికించిన బ్యాటరీ ఉంటుంది. అది కారి రాగి గీతలను తినేస్తోందేమో చూడండి.

హెడ్ శుభ్రం చేయడం

అసలు పని ఇది. తొందరపడకుండా చేయండి.

మందు విషయం ముందు. కావలసింది 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. రిచీ స్ట్రీట్‌లో ఐపీఏ అని అడిగితే సెల్‌ఫోన్ రిపేరు సామాన్లు అమ్మేవాళ్లు ఇస్తారు. అన్నా సాలై నుంచి లోపలికి తిరిగాక, నరసింగపురం వీధి వైపు ఆ దుకాణాలుంటాయి. మెడికల్ షాపులో దొరికే స్పిరిట్ వద్దు. అందులో నీళ్లూ ఇంకేవేవో కలిసి ఉండి, ఆరాక హెడ్ మీద పొర మిగులుతుంది. గోళ్లరంగు తుడిచే ద్రవం అసలే వద్దు, అది ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. చెవుల్లో పెట్టుకునే దూది పుల్లలు పనికొస్తాయి గానీ, వదులుగా చుట్టినవైతే దూది పోగులు హెడ్‌కు తగులుకుంటాయి. ఫోమ్ పుల్ల దొరికితే మరీ మంచిది.

1. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, డ్రైవ్‌ను బయటికి తీయండి. కేబుల్ ఎటువైపు ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి.
2. పై రేకు మూత తీయండి. కొన్నింటికి పక్కన చిన్న స్క్రూలుంటాయి, కొన్ని ఊరికే బిగించి ఉంటాయి. లోపల డిస్కు లేకుండా చూసుకోండి. డిస్కు లేనప్పుడు పై హెడ్ చేయి పైకి లేచి ఉంటుంది, మన పుల్లకు చోటు దొరుకుతుంది.
3. ఎయిర్ బ్లోయరుతో దుమ్ము ఊదండి. నోటితో ఊదితే తుంపర పడుతుంది.
4. పుల్లను మందులో ముంచి, కారకుండా పిండి, కింది హెడ్ మీద మెల్లగా ముందుకూ వెనక్కూ జరపండి. హెడ్ అంటే తెల్లటి లేదా బూడిదరంగు చిన్న గుండీలాంటిది, మధ్యలో సన్నటి గీత ఉంటుంది. ఒత్తిడి పెట్టకండి.
5. పై హెడ్‌కు చేయిని వేలికొసతో రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రం ఎత్తండి. అది పలచటి స్ప్రింగు రేకు మీద కూర్చుని ఉంటుంది. అంతకన్నా ఎత్తినా, పక్కకు నెట్టినా ఆ రేకు వంగుతుంది, ఇక ఆ డ్రైవ్ మళ్లీ సరిగ్గా చదవదు.
6. పుల్లకు గోధుమరంగు అంటడం ఆగేదాకా, ప్రతిసారీ కొత్త పుల్లతో, మళ్లీ తుడవండి.
7. పది నిమిషాలు ఆరనివ్వండి. దూది పోగు ఏదైనా మిగిలిందేమో లైటు వేసి చూడండి.

ఒకవైపే చదివే చాలా పాత 5.25 అంగుళాల డ్రైవ్‌లలో పైన హెడ్‌కు బదులు చిన్న ఫెల్టు ముక్క ఉంటుంది. దాన్ని మందుతో తడపకండి, దుమ్ము మాత్రం ఊదండి.

క్లీనింగ్ ఫ్లాపీలని ఒకప్పుడు అమ్మేవారు, ఇప్పటికీ అక్కడక్కడా దొరుకుతాయి. పైపై మురికికి అవి చాలు. కానీ ఏళ్ల తరబడి గట్టిపడిన పూతకు పుల్లే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఎంత పోయిందో కంటికి కనిపిస్తుంది. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ అయినా లోపల ఉండేది ఇలాంటి డ్రైవే, శుభ్రం చేసే పద్ధతీ ఇదే.

తుడిచాక పరీక్షకు మొదటి రకం డిస్కు, తర్వాత రెండోది. రెండోది మొదటి నుంచి చివరి దాకా చదివితే చాలా డ్రైవ్‌ల కథ ఇక్కడితో సుఖాంతం. చదవకపోతే ముందుకు పదండి.

కమ్మీలు, మోటారు, బెల్టు

హెడ్ బండి రెండు లోహపు కమ్మీల మీద జారుతుంది, దాన్ని స్టెప్పర్ మోటారు ఒక మరచుట్టు కడ్డీతో తోస్తుంది. ఫ్యాక్టరీలో రాసిన గ్రీజు ఇన్నేళ్లకు ఎండిపోయి, దీపపు కుందెకు పట్టిన జిడ్డులా గట్టిపడుతుంది. బండి అక్కడే నిలబడిపోతుంది, లేదా లోపలి ట్రాకుల దాకా వెళ్లలేకపోతుంది. మొదటి ఫైళ్లు చదివి, డిస్కు చివర్లో ఉన్న ఫైళ్ల దగ్గర ఆగిపోతోందంటే దీన్ని అనుమానించండి. పాత గ్రీజును ఐపీఏతో పూర్తిగా తుడిచేసి, కమ్మీలకు కుట్టుమిషన్ నూనె పుల్లకొసతో ఒక్క చుక్క రాయండి. మరచుట్టుకు కొద్దిగా తెల్ల లిథియం గ్రీజు. తుప్పు వదిలించే స్ప్రేలు డ్రైవ్ లోపల కొట్టకండి. అవి హెడ్ మీదా సెన్సారు మీదా పడతాయి.

సున్నా ట్రాకు సెన్సారు హెడ్ బండి వెనకచివరన ఉంటుంది. చాలావాటిలో అది యు ఆకారంలో ఉన్న చిన్న నల్ల ప్లాస్టిక్ ముక్క, మధ్య సందులోంచి కంటికి కనబడని కాంతి పోతుంది. ఆ సందులో దుమ్ము ఊదండి, పొడి పుల్లతో తుడవండి. దాన్ని పట్టి ఉంచే స్క్రూను మాత్రం కదల్చకండి. ఆ స్క్రూ చోటే మొదటి ట్రాకు ఎక్కడో నిర్ణయిస్తుంది.

3.5 అంగుళాల డ్రైవ్‌లు చాలావరకు నేరుగా మోటారు మీదే తిప్పుతాయి. బెల్టు ఉండేది పాత లావుపాటి 5.25 అంగుళాల డ్రైవ్‌లలో, కొన్ని ల్యాప్‌టాప్ డ్రైవ్‌లలో, ఆమ్‌స్ట్రాడ్ కంప్యూటర్ల 3 అంగుళాల డ్రైవ్‌లలో. మన వేడికి ఆ రబ్బరు సాగిపోతుంది, లేదా కరిగి నల్లటి బంకగా మారుతుంది. బంకంతా తుడిచేసి, సరిపోయే కొలత బెల్టు వేయాలి. రబ్బరు బ్యాండు వేసి పని కానిచ్చేద్దామనుకోకండి, వేగం నిలకడగా ఉండదు.

వేగం ముఖ్యం. 3.5 అంగుళాలవి నిమిషానికి 300 సార్లు తిరుగుతాయి. 5.25లో 360 కేబీ డ్రైవ్ 300, 1.2 ఎంబీ డ్రైవ్ 360. కొన్ని పాత 5.25 డ్రైవ్‌ల అడుగున ఉండే చక్రం మీద నలుపు తెలుపు గీతలు రెండు వలయాలుగా అచ్చువేసి ఉంటాయి, ఒకటి 50 హెర్ట్జ్‌కు, ఒకటి 60కి. మన కరెంటు 50. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైటు కింద ఆ డ్రైవ్‌ను తిప్పితే 50 వలయం గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపించాలి. ఒక వైపుకు పాకుతున్నట్టుంటే, బోర్డు మీది చిన్న తిప్పుడు స్క్రూతో వేగం సరిచేయొచ్చు. ఎల్‌ఈడీ బల్బు కింద ఈ పరీక్ష నమ్మదగింది కాదు. చోక్ ట్యూబ్‌లైటు కోసం మా వీధి టైలరు కొట్టుకు డ్రైవ్ పట్టుకెళ్లాల్సి వచ్చింది. ఆయన కూడా ఆసక్తిగానే చూశారు.

డ్రైవ్ బాగుంది, డిస్కూ బాగుంది, అయినా చదవదు

3.5 అంగుళాల హై డెన్సిటీ ఫ్లాపీకి రెండు రంధ్రాలుంటాయి. ఒకటి రైట్ ప్రొటెక్ట్, ఎదుటి మూలది డెన్సిటీ చెప్పేది. డ్రైవ్ లోపల ఒక చిన్న స్విచ్చు ఆ రెండో రంధ్రాన్ని తడిమి, 1.44 ఎంబీనా 720 కేబీనా తేల్చుకుంటుంది. ఆ స్విచ్చు దుమ్ముతో అతుక్కుపోతే హై డెన్సిటీ డిస్కునూ 720 అనుకుని చదవబోతుంది, చేతులెత్తేస్తుంది. స్విచ్చును పుల్లతో కొన్నిసార్లు నొక్కి వదిలితే తరచూ వదులవుతుంది.

దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది. ఆరోజుల్లో కొందరు హై డెన్సిటీ ఫ్లాపీని 720 కేబీగా ఫార్మాట్ చేసి వాడారు. అలాంటివి చదవాలంటే రెండో రంధ్రాన్ని కాంతి పోని టేపుతో మూయాలి. పైసా ఖర్చు లేని ఈ చిట్కా తెలియక పారేసిన ఫ్లాపీలు ఎన్నో.

5.25లో ఇంకో చిక్కు. 360 కేబీ డిస్కును 1.2 ఎంబీ డ్రైవ్ చదవగలదు. కానీ దాని హెడ్ సన్నం కాబట్టి, అది రాసినదాన్ని తర్వాత 360 డ్రైవ్ సరిగ్గా చదవలేదు. కాబట్టి చదవండి, రాయకండి.

ఇక వింత రోగం ఒకటుంది. ఒక ఫ్లాపీ తీసి ఇంకోటి పెట్టినా పాత ఫ్లాపీలోని ఫైళ్ల పేర్లే కనిపిస్తాయి. డిస్కు మారిందన్న కబురు కంప్యూటర్‌కు 34వ తీగ ద్వారా అందాలి. ఆ తీగ తెగినా, డ్రైవ్ మీది జంపరు (సెట్టింగ్ మార్చే చిన్న పిన్నుల తొడుగు) తప్పుగా ఉన్నా ఇలా జరుగుతుంది. ఇది చూడ్డానికి నవ్వులాటగా ఉంటుంది గానీ చాలా ప్రమాదం. ఆ స్థితిలో ఏదైనా రాస్తే, పాత డిస్కు లెక్కల ప్రకారం కొత్త డిస్కు మీద రాసి దాన్ని నాశనం చేస్తుంది. కేబుల్ మార్చి చూసేదాకా ఏమీ రాయకండి.

అలైన్‌మెంట్, అంటే హెడ్ ట్రాకు మీద సరిగ్గా నిలిచే తీరు, చెడిందో లేదో తేల్చడం సులువు: పోయినా పర్లేని డిస్కును ఈ డ్రైవ్‌లోనే ఫార్మాట్ చేసి ఫైలు రాయండి. తను రాసింది తను చదివి, వేరే డ్రైవ్‌లో రాసినవి చదవక, తను రాసింది వేరే డ్రైవ్‌లు చదవకపోతే హెడ్ ట్రాకు మీంచి పక్కకు జరిగింది. 3.5 అంగుళాల డిస్కులో అంగుళానికి 135 ట్రాకులుంటాయి. వెంట్రుకవాసి తేడా చాలు. దీన్ని సరిచేయడానికి ప్రత్యేకమైన అలైన్‌మెంట్ డిస్కు, ఆసిలోస్కోపు కావాలి. అవి లేకుండా స్క్రూలు తిప్పకండి, వేరే డ్రైవ్ చూసుకోండి. అయితే ఈ డ్రైవ్‌ను పారేయొద్దు. మీ పాత ఫ్లాపీలు దీని మీదే రాసినవైతే, వాటిని చదవగలిగేది ఇదొక్కటే కావచ్చు.

బోర్డు మీద కెపాసిటర్ల చుట్టూ మరకలున్నా, చేపల కంపు కొడుతున్నా అవి కారాయి. 1990కి అటూ ఇటూ వచ్చిన కొన్ని డ్రైవ్‌లలో ఇది మామూలే. సోల్డరింగ్ చేయి తిరిగినవాళ్లకు ఇవ్వండి.

బూజు పట్టిన డిస్కుకు స్నానం

ఇది ఆఖరి మార్గం. ముక్కుకు మాస్కు, చేతులకు గ్లవ్స్ ఉండాలి. బూజు డిస్కులకు విడిగా ఒక పాత డ్రైవ్ కేటాయించండి, ప్రతి డిస్కు తర్వాతా దాని హెడ్ తుడవండి.

3.5 అంగుళాలదైతే షట్టరు తీసేసి, పలచటి ప్లాస్టిక్ ముక్కతో అంచుల వెంట పెట్టెను విప్పండి. లోపల లోహపు హబ్‌తో ఉన్న పలచటి బిళ్ల వస్తుంది. 5.25 అయితే జాకెట్ పై అంచును కత్తిరించి బిళ్లను బయటికి లాగాలి. ఏది పైవైపో ముందే మధ్య భాగంలో మార్కరుతో చిన్న చుక్క పెట్టుకోండి. డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క వేసి, వేలికొసలతో మెల్లగా రుద్ది, మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. కుళాయి నీళ్లు వద్దు, చెన్నై నీళ్లలో ఉన్న ఉప్పు ఆరాక తెల్లటి పొరగా మిగులుతుంది. నూలు రాలని గుడ్డతో అద్ది, నీడలో ఫ్యాను కింద ఆరబెట్టండి. ఎండ, హెయిర్ డ్రయర్ రెండూ వద్దు. పూర్తిగా ఆరాక, శుభ్రమైన వేరే ఫ్లాపీ పెట్టెలో పెట్టి మూసేయండి. పాత పెట్టె లోపలి గుడ్డలో బూజు గింజలు ఉండిపోతాయి, దాన్ని మళ్లీ వాడకండి.

చదివిన వెంటనే కాపీ

అసలు డిస్కు వంతు ఇప్పుడే. ఫైళ్లు ఒక్కొక్కటి తెరిచి చూడకండి. ముందు డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా ఇమేజ్ తీయండి. విండోస్‌లో విన్‌ఇమేజ్ ఉంది. లినక్స్‌లో డీడీరెస్క్యూ మంచిది, ఎందుకంటే అది సులువుగా వచ్చే భాగాలను ముందు తీసుకుని, మొండికేసే సెక్టార్ల దగ్గరికి తర్వాత వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో రాసి పెట్టుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపి, హెడ్ తుడిచి, అక్కణ్నుంచే కొనసాగించొచ్చు. ఇంకో డ్రైవ్‌లో అదే డిస్కు పెట్టి మిగిలిన సెక్టార్లకు ప్రయత్నించొచ్చు. ఒక డ్రైవ్ వదిలేసినవి ఇంకోటి చదవడం చాలా మామూలు.

ఇమేజ్ పూర్తయిందో లేదో సైజు చూసి తెలుసుకోండి. 1.44 ఎంబీ ఫ్లాపీకి కచ్చితంగా 14,74,560 బైట్లు రావాలి: 80 ట్రాకులు, 2 వైపులు, ట్రాకుకు 18 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు. 720 కేబీకి 7,37,280. 1.2 ఎంబీకి 12,28,800. 360 కేబీకి 3,68,640. సైజు సరిపోయినా చాలదు, చదవలేని సెక్టార్లు ఎన్ని మిగిలాయో డీడీరెస్క్యూ లెక్కలో చూడండి.

యూఎస్‌బీ డ్రైవ్‌లు 1.44 ఎంబీ చదువుతాయి, కొన్ని 720 కేబీ కూడా. పాత మ్యాకింతోష్ కంప్యూటర్ల 800 కేబీ, అమిగా కంప్యూటర్ల 880 కేబీ డిస్కులు వాటి వల్ల కావు. అలాంటివాటికీ, 5.25 అంగుళాలవాటికీ గ్రీజ్‌వీజల్, క్రయోఫ్లక్స్ లాంటి బోర్డులున్నాయి. ఇవి పాత 34 పిన్నుల డ్రైవ్‌ను యూఎస్‌బీకి కలిపి, అయస్కాంత సంకేతాన్నే ఉన్నదున్నట్టు రికార్డు చేస్తాయి. తర్వాత దాన్ని తీరిగ్గా విడదీసుకోవచ్చు. ఫ్లాపీ సాకెట్ లేని ఇప్పటి కంప్యూటర్‌తో పదుల కొద్దీ డిస్కులు తీయాలనుకునేవాళ్లకు ఇదే సరైన పెట్టుబడి.

తెలుగు ఫ్లాపీల విషయంలో ఇంకో పని మిగిలే ఉంటుంది. విండోస్ ఎక్స్‌పీకి ముందు డీటీపీ పని అంతా అను ఫాంట్స్, శ్రీలిపి లాంటి తెలుగు ఫాంట్ల ప్యాకేజీలతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో నడిచింది. ఫైలు చక్కగా కాపీ అయ్యాక తెరిస్తే తెరమీద పిచ్చిగీతలు, చుక్కలు పెట్టిన ఇంగ్లీషు అక్షరాలు కనబడతాయి. డిస్కు పాడైందని కంగారు పడొద్దు. ఆనాటి ఫాంటు ఈ కంప్యూటర్‌లో లేదు, అంతే. “అబ్బాయ్, ఫాంట్ల ఫ్లాపీ కూడా ఆ పెట్టెలోనే ఉండాలి చూడు” అని మా డీటీపీ బాబాయి ఒకసారి అన్నారు, నిజంగానే ఉంది. కాబట్టి ఫాంట్లు, కీబోర్డు డ్రైవర్లు అని లేబులున్న ఫ్లాపీలనే ముందు ఇమేజ్ తీయండి. వాటిని పాత విండోస్‌లోనో వర్చువల్ మెషీన్‌లోనో వేసి, పేజీలను పీడీఎఫ్‌గా మార్చి, తర్వాతే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ల పని మొదలుపెట్టండి. కన్వర్టరు ఒత్తులు ఎక్కడ తారుమారు చేసిందో తేల్చడానికి ఆ పీడీఎఫే సాక్ష్యం.